కొత్తవాళ్లకు కెమికల్స్ శిక్షణ: 74 స్లైడ్లు పక్కనపెడితే ఏం నేర్పాలి?

#1 పసుపుగీత

అందరికీ నమస్కారం. స్టోరు, డైల్యూషన్, ప్యాకింగ్ కలిపి 22 మందికి ప్రమాదకర రసాయనాల మీద శిక్షణ పెట్టాలి. తొమ్మిది మంది కాంట్రాక్టు హెల్పర్లు, నలుగురికి చదవడం రాదు. సరుకు ఇదీ: 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ 50 లీటర్ల కార్బాయ్‌లలో (పెద్ద జాడీల్లో), కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం) ట్యాంకులో, సోడియం హైపోక్లోరైట్ (మేం హైపో అంటాం, బ్లీచింగ్ ద్రవం) ఇంకో ట్యాంకులో, టోలుయిన్ (మండే సాల్వెంటు) 200 లీటర్ల డ్రమ్ముల్లో. వీటితోపాటు ఎఫ్లుయెంట్ పిట్టు (వ్యర్థజలాల గుంట) ఒకటి. ఏడాదిలో రెండు మూడుసార్లు మనిషి దిగి కడగాల్సి వస్తుంది.

ఇప్పటిదాకా నడిచింది 74 స్లైడ్లు, చివర ఒక సంతకం. ఈసారి పూర్తి రోజు ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

#2 పాతస్పానర్

ముందు 22 మందినీ ఒకే గదిలో కూర్చోబెట్టే ఆలోచన మానండి. ఏడెనిమిది మంది చొప్పున మూడు గుంపులు చేయండి. ఒక్కో గుంపును అసలు వాల్వు దగ్గరికి, అసలు డ్రమ్ము దగ్గరికి నడిపించుకెళ్లి అక్కడే చెప్పండి. ఎవరి పనికి సంబంధించింది వాళ్లకే. ప్యాకింగ్ వాళ్లు టోలుయిన్ డ్రమ్ము ముట్టరు. వాళ్లకు ఎర్తింగ్ గురించి గంటసేపు చెప్తే, ఐ వాష్ (కళ్లు కడిగే కుళాయి) దగ్గర పెట్టాల్సిన పావుగంట పోతుంది.

#3 లెక్కలపుస్తకం

స్పానర్ అన్నా, స్లైడ్లు తీసేయడం తేలికే. తనిఖీకి వచ్చినవాళ్లు ఎవరికి, ఏం, ఎంతసేపు చెప్పారని అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి కదా. ఒక్కో పనికి ఒక్కో పేజీ పెట్టుకోండి. లై వాల్వు మార్చడం అనుకుందాం. అందులో 8, 10 మెట్లుంటే కార్మికుడు ఒక్కో మెట్టు చేసి చూపించాలి, చూసినవాళ్లు టిక్కు పెట్టాలి. ఏ మెట్టు తప్పాడో అది కూడా ఆ పేజీలోనే ఉండాలి. అన్నీ టిక్కులే ఉన్న పేజీలు 22 వస్తే ఎవరూ సరిగా చూడలేదని అర్థం.

#4 తెల్లకోటు

ఎస్‌డీఎస్ (ఒక్కో రసాయనానికి ఉండే భద్రతా సమాచార పత్రం) గురించి. 16 విభాగాలూ కార్మికులకు చదివి వినిపించకండి. స్టోరులో పనిచేసేవాళ్లకు కావాల్సినవి ఆరు: 2 (ప్రమాదం ఏమిటి), 4 (ప్రథమ చికిత్స), 6 (ఒలికితే), 7 (నిల్వ, వాడకం), 8 (ఏం వేసుకోవాలి), 10 (దేనితో కలపకూడదు). ఈ ఆరింటి నుంచి ఒక్కో రసాయనానికి ఒకే పేజీ, పెద్ద బొమ్మలతో తయారుచేసి సరుకు ఉన్నచోటే గోడకు పెట్టండి. అసలు ఎస్‌డీఎస్ ఫైలు ఎక్కడుందో అందరికీ తెలియాలి. దానికి పరీక్ష: "హైపో కాగితం తీసుకురా" అని చెప్పి గడియారం చూడండి. 2 నిమిషాలు దాటితే ఆ ఫైలు ఉన్నా లేనట్టే.

ఇంకో సంగతి చాలామంది శిక్షకులకే తెలియదు. ట్యాంకుల మీద అతికించే నాలుగు గళ్ల డైమండ్‌లో నీలం ఆరోగ్యానికి, ఎరుపు మంటకు, పసుపు అస్థిరతకు. అందులో 4 అంటే అన్నిటికంటే ప్రమాదం, 0 అంటే దాదాపు ఏమీ లేదు. ఎస్‌డీఎస్ రెండో విభాగంలో రాసే జీహెచ్‌ఎస్ (రసాయన ప్రమాదాల అంతర్జాతీయ వర్గీకరణ) కేటగిరీ దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ 1 అంటేనే ఎక్కువ ప్రమాదం. సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు చర్మాన్ని కాల్చే విషయంలో కేటగిరీ 1ఏ ఉంటుంది. డైమండ్‌కు అలవాటుపడిన వ్యక్తి ఆ ఒకటిని చూసి "ఒకటేగా" అనుకుంటాడు. కార్మికులకు అంకెలు వద్దు. తొమ్మిది ఎర్ర అంచు బొమ్మల్లో మీ సరుకు మీద కనిపించేవి చాలు. లేబుల్ మీద "డేంజర్" అనే మాట "వార్నింగ్" కంటే తీవ్రం. చదవలేనివాళ్లకు ఆ రెండు మాటల ఆకారాలైనా గుర్తుపట్టేలా చూపించండి.

#5 చెక్కపెట్టె

స్టోరు వైపు నుంచి నాలుగు మాటలు.

పెద్ద డబ్బా మీద లేబుల్ ఎప్పుడూ ఉంటుంది. గొడవంతా మగ్గుల్లో, సీసాల్లో, బకెట్లలో. 5 లీటర్ల క్యానులోకి వంపిన మరుక్షణం దానికి పేరు పోతుంది. మంచినీళ్ల సీసాలోకి, అన్నం డబ్బాలోకి వంపడం ఎవరు చేసినా పని ఆపేయాలి. దీనికి మినహాయింపు లేదు. లేబుల్ ముందు అతికించి, తర్వాత నింపడం అలవాటు చేయించండి. నింపాక అతికిద్దాం అనుకుంటే చేతులు తడిగా ఉంటాయి, అంటుకోదు, రేపు చూద్దాం అంటారు.

యాసిడ్, హైపో పక్కపక్కన పెట్టొద్దు. వాటి కింద ట్రేలు, కారింది ఆగడానికి చుట్టూ వేసే కట్టలు కూడా వేరువేరుగా ఉండాలి. ఒకే కట్ట లోపల రెండూ ఉంటే, రెండూ కారిన రోజు అవి కలిసేది అందులోనే. కట్టలో పట్టే పరిమాణం అందులోని అతి పెద్ద పాత్రకు 110 శాతం ఉండాలి. వాననీళ్లు నిలిచి ఉంటే ఆ లెక్క పోయినట్టే.

హైపో క్యాన్లకు గాలి వదిలే మూత ఉంటుంది. కారుతోందని దాన్ని మామూలు మూతతో బిగించేవాళ్లుంటారు. హైపో తనంతట తానే విడిపోతూ ఆక్సిజన్ వదులుతుంది. ఎండలో పెడితే ఇంకా వేగంగా. క్యాను ఉబ్బి, మూత తీసేవాడి మొహం మీదికి కొడుతుంది.

#6 పాతస్పానర్

యాసిడ్, హైపో మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని అచిసన్‌లో 2016 అక్టోబర్ 21న జరిగింది ఇదే. ట్యాంకర్‌లో వచ్చిన సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను హైపో ట్యాంకు గొట్టానికి తగిలించారు. క్లోరిన్ మేఘం ఊరి మీదికి వెళ్లింది. 140 మందికి పైగా వైద్యం కోసం వెళ్లారు. ఎక్కించే గొట్టాల మూతులు రెండూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి.

మీ దగ్గర ట్యాంకులు మూడు కాకపోయినా రెండున్నాయి. శిక్షణ కంటే ముందు ఆ మూతుల దగ్గరికి వెళ్లి చూడండి. లై గొట్టం హైపోకి పడుతుందా? పడితే కప్లింగ్ సైజు మార్పించండి. మూతికి తాళం వేసి, తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర ఉంచండి. పేరు ట్యాంకు మీద కాదు, గొట్టం మూతి మీదే ఉండాలి. ట్యాంకర్ కాగితం మీది పేరు, మూతి మీది పేరు ఇద్దరు విడివిడిగా పైకి చదివాకే తాళం తీయాలి. ఆ తర్వాత శిక్షణలో చేయించాల్సింది ఆ రెండు పేర్లూ పైకి చదివించడమే. మనసులో చదువుకున్నవాడు తను అనుకున్నదే చదువుతాడు.

#7 మూడోషిఫ్టు

గ్లౌజుల గురించి ఎవరూ ఎత్తలేదు. ఎక్కువ పొరపాట్లు అక్కడే.

"గ్లౌజు వేసుకో" అనేది సూచన కాదు. ఏ గ్లౌజు? పల్చటి డిస్పోజబుల్ నైట్రైల్ గ్లౌజు చిందే చుక్కలకే. చుక్క పడగానే తీసి పారేయాలి. లై, పలుచని యాసిడ్‌లకు మందపాటి నైట్రైల్, నియోప్రీన్ బాగానే ఆగుతాయి. 98 శాతం యాసిడ్‌కు బ్యూటైల్ లాంటిది కావాలి. మందపాటి నైట్రైల్ కూడా దానికి చాలదు. టోలుయిన్‌కు నైట్రైల్ కొద్దిసేపే. ఎక్కువసేపు పనైతే వైటాన్ లేదా పీవీఏ. పీవీఏకి నీళ్లు తగిలితే అదే కరుగుతుంది, తడి పనికి పనికిరాదు. ఏ కంపెనీ గ్లౌజైతే ఆ కంపెనీ పట్టిక చూసే కొనాలి. ఒకే పేరున్న రెండు గ్లౌజులకు మందం తేడా వస్తే నిమిషాలూ తేడా వస్తాయి.

వేసుకునే ముందు గ్లౌజు మూతి మడిచి, గాలి ఊదినట్టు నొక్కి వేళ్లు ఉబ్బేలా పట్టుకోండి. సన్న కన్నముంటే బుగ్గకు గాలి తగులుతుంది. పది సెకన్ల పని.

తీయడం నేర్పడానికి షేవింగ్ నురుగు చాలు. గ్లౌజుల నిండా నురుగు పూసి, తీయమనండి. మణికట్టు మీద, చొక్కా అంచు మీద, చెవి పక్కన తెల్ల మరకలు కనబడతాయి. ముందు గ్లౌజులు తీయకుండానే చేతులు కడగాలి, తర్వాత ఏప్రాన్, తర్వాత ఫేస్ షీల్డ్ వెనక పట్టీ పట్టుకుని, ఆ తర్వాత గ్లౌజులు లోపలి వైపు బయటకు తిరిగేలా. చేతులు కడిగాక ఆఖరున గాగుల్స్. ముందే గాగుల్స్ తీస్తే హెల్మెట్ అంచు మీద నిలిచిన చుక్క కంట్లోకే.

#8 తెల్లకోటు

దీనికి ఒక చిన్న ప్రదర్శన. పల్చటి నైట్రైల్ గ్లౌజు వేలు కత్తిరించి, అందులో 5 మిల్లీలీటర్ల అసిటోన్ పోసి, మూతి గట్టిగా కట్టి త్రాసు మీద పెట్టండి. చిల్లు లేదు, కారడం లేదు. అయినా అంకె దిగుతూనే ఉంటుంది, పైపొర మెత్తబడుతుంది. "చిరగకపోతే కాపాడుతుంది" అనే నమ్మకం అక్కడ పోతుంది. గాలి ఆడేచోట చేయండి, నిప్పు దగ్గర వద్దు.

రసాయన శాస్త్రవేత్తలకే ఇది ఎంత ఆలస్యంగా తెలిసిందో చెప్పడానికి అమెరికా రసాయన శాస్త్రవేత్త కారెన్ వెటర్‌హాన్ సంగతి చాలు. 1996 ఆగస్టులో ఆమె లేటెక్స్ గ్లౌజు మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు కొన్ని పడ్డాయి. అప్పటి నియమాల ప్రకారం ఆమె జాగ్రత్తగానే ఉన్నారు. 1997 జూన్‌లో చనిపోయారు. తర్వాత పరీక్షించి చూస్తే ఆ ద్రవం అలాంటి గ్లౌజును 15 సెకన్లలోపే దాటుతుందని తేలింది.

#9 పసుపుగీత

చాలా ఉపయోగం. రెండు సందేహాలు. చొక్కా చెయ్యి గ్లౌజు లోపల ఉండాలా, పైన ఉండాలా? మా దగ్గర ఒక్కొక్కరు ఒక్కోలా వేస్తున్నారు. రెండోది, లై లైనులో ఫ్లాంజి (పైపులను బోల్టులతో కలిపే జాయింటు) విప్పేటప్పుడు చిందుతోంది. లైను ఖాళీ చేశామనే చెప్తారు.

#10 పాతస్పానర్

చేతులు కిందికి పెట్టి పనిచేస్తే చొక్కా చెయ్యి గ్లౌజు మీదికి రావాలి, జారిన ద్రవం లోపలికి పోకుండా. తలకంటే పైన పనిచేస్తే గ్లౌజు చొక్కా మీదికి, అంచు కొంచెం బయటకు మడిచి. ద్రవం మోచేతివైపు పారకుండా ఆ మడతలో ఆగుతుంది. ప్యాంటు ఎప్పుడూ గంబూటు పైనే. బూటులోకి దోపుకుంటే, కారింది మొత్తం నేరుగా పాదం దగ్గరికి పోతుంది.

ఫ్లాంజి. లైను ఖాళీ చేశామనే మాట నమ్మకూడదు. వంపులో, వాల్వు పొట్టలో ద్రవం మిగిలే ఉంటుంది. చల్లటి కాలంలో 50 శాతం లై 12 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, 48 శాతమూ దాదాపు అంతే. ఖాళీ అనుకున్న లైనులో గడ్డ ఉండి, అటువైపు ఒత్తిడి ఉండొచ్చు. సుత్తితో కొట్టి వదిలించడం వద్దు.

విప్పే పద్ధతి: నాలుగు బోల్టుల్లో మీకు దూరంగా, కింద ఉన్నదాన్ని ముందు వదులు చేయాలి. నట్టు పూర్తిగా తీయొద్దు, రెండు మూడు మరలు చాలు. తర్వాత దాని పక్కది. అప్పుడు ఫ్లాంజి మీకు అటువైపు నోరు తెరుస్తుంది, మిగిలింది అటే కారుతుంది. కారడం పూర్తిగా ఆగాకే మిగతావి. మీకు దగ్గరున్న బోల్టు ముందు వదిలితే మొత్తం పొట్ట మీదికే. ఇది నీళ్ల లైను మీద నేర్పించండి. తప్పు చేసినవాడు తడుస్తాడు, మళ్లీ తప్పు చేయడు.

ఫేస్ షీల్డ్ ఒక్కటే ఉంటే కళ్లకు రక్షణ కాదు. కిందనుంచి, పక్కనుంచి చుక్క వస్తుంది. లోపల గాగుల్స్ ఉండాల్సిందే.

#11 చెక్కపెట్టె

లై దగ్గర అల్యూమినియం నిచ్చెన, అల్యూమినియం మగ్గు, జింకు పూత బకెట్టు పెట్టొద్దు. కాస్టిక్ వాటిని తింటూ హైడ్రోజన్ వదులుతుంది. బకెట్టు పోతే పోయింది, హైడ్రోజన్ మూసిన చోట చేరితే అంటుకుంటుంది.

#12 తెల్లకోటు

యాసిడ్ పలచన చేయడం ఎవరూ అడగలేదు కానీ డైల్యూషన్ సెక్షన్ ఉందన్నారు. "నీళ్లలోకి యాసిడ్, యాసిడ్‌లోకి నీళ్లు కాదు" అని అందరూ పాఠంలా అప్పజెప్తారు. కారణం చెప్పకపోతే కంగారులో మాట తిరగబడుతుంది. 98 శాతం యాసిడ్ బరువు లీటరుకు 1.84 కిలోలు. దాని మీద నీళ్లు పోస్తే అవి పైనే తేలుతాయి. కలిసే ఆ పల్చటి పొరలో పుట్టిన వేడికి నీళ్లు అక్కడికక్కడే మరిగి, యాసిడ్‌ను వెంట తీసుకుని ఎగురుతాయి.

తప్పు పద్ధతి చేసి చూపించకండి, సరైన పద్ధతిలోనే వేడి చూపించొచ్చు. 250 మిల్లీలీటర్ల బోరోసిలికేట్ బీకరు ట్రేలో పెట్టి, అందులో 100 మిల్లీలీటర్ల నీళ్లు, థర్మామీటరు. యాసిడ్ 2 మిల్లీలీటర్ల చొప్పున ఐదుసార్లు, మధ్యలో కలుపుతూ. మొత్తం 10 మిల్లీలీటర్లకే ఉష్ణోగ్రత మొదట ఉన్నదానికంటే దాదాపు 25 డిగ్రీలు పెరుగుతుంది. చేసేది శిక్షకుడే, పూర్తి రక్షణతో. తర్వాత "ఇదే లెక్కలో 50 లీటర్ల కార్బాయ్ ఒకేసారి వంపితే?" అని అడిగి వదిలేయండి.

#13 మూడోషిఫ్టు

ఐ వాష్. ఇది అరగంట తీసుకోవాలి.

అమెరికన్ ప్రమాణం జెడ్ 358.1 ప్రకారం ప్రమాదం ఉన్న చోటు నుంచి 10 సెకన్లలో చేరగలగాలి. నీళ్లు 15 నిమిషాలు ఆగకుండా రావాలి, 16 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి, ఐ వాష్ నిమిషానికి కనీసం 1.5 లీటర్లు ఇవ్వాలి. షవర్‌కైతే దాదాపు 76 లీటర్లు. ట్యాంకు మేడమీద ఎండలో ఉంటే మధ్యాహ్నం నీళ్లు కంటికి పెట్టలేనంత వేడి. కార్మికుడు అరనిమిషంలో తప్పుకుంటాడు. దాన్ని శిక్షణతో సరిచేయలేరు, పైపుకు నీడ కల్పించాలి.

డ్రిల్లు: కార్బాయ్ దగ్గర నిలబెట్టి కళ్లకు గంతలు కట్టి, ఐ వాష్ చేరుకోమనండి. పక్కన ఒకరు పడిపోకుండా చూడాలి. మొదటిసారి సగం మంది దారిలో పెట్టిన డ్రమ్మునో ట్రాలీనో గుద్దుకుంటారు. డ్రమ్ము అక్కడ ఎందుకుందనే ప్రశ్న అప్పుడే వస్తుంది. చేరాక రెండు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకోవాలి. ఇది ఎవరికీ సహజంగా రాదు, కన్ను తనంతట మూసుకుంటుంది. లెన్సు ఉంటే నీళ్లు పోస్తూనే తీయాలి, తీయడానికని ఆగకూడదు.

లై కంట్లో పడితే యాసిడ్ కంటే ఎక్కువ లోపలికి పోతుంది. నొప్పి తగ్గినా అది పనిచేస్తూనే ఉంటుంది. "ఇప్పుడు బాగుంది" అని లేవనివ్వద్దు. 15 నిమిషాలు అనేది కనీసం. లైకి డాక్టరు చూసేదాకా కడుగుతూనే ఉండాలి.

వారానికోసారి ఐ వాష్ తిప్పి చూడాలి. మొదట తుప్పు నీళ్లే వస్తాయి. అవి కంట్లోకి కాకుండా కాలువలోకి పోవడానికే ఆ వారపు పని.

#14 ఎర్రబకెట్టు

చిన్న చేర్పు. సల్ఫ్యూరిక్ ఒంటిమీద పడితే ముందు నీళ్లు పోయకూడదని విన్నాం, వేడి పుడుతుందట. సోడా పొడి చల్లి, తుడిచి, తర్వాత కడగాలి కదా?

#15 తెల్లకోటు

కాదండీ, దయచేసి ఇది మీ వాళ్లకు చెప్పకండి. వేడి పుట్టేది కొద్ది నీళ్లు పోస్తేనే. షవర్ కింద నిమిషానికి పదుల లీటర్లు పడుతుంటే ఆ వేడి నీళ్లతోపాటే కొట్టుకుపోతుంది. పొడి కోసం వెతికే అరనిమిషం చర్మం కాలుతూనే ఉంటుంది. పైగా సోడా, యాసిడ్ కలిసినా వేడే. షవర్ గొలుసు లాగు, కిందే బట్టలు విప్పు, అంతే. సిగ్గుపడి బట్టలతోనే నిలబడతారు. షవర్ దగ్గర ఒక తెర, ఒక పొడి దుప్పటి పెడితే ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది.

సోడా వాడేది నేల మీద ఒలికినదానికి.

#16 లెక్కలపుస్తకం

నేల మీద అన్నారు కాబట్టి ఒక లెక్క. లీటరు 98 శాతం యాసిడ్‌లో అసలు ఆమ్లం 1.8 కిలోలు. దాన్ని విరిచేయడానికి, అంటే ఆమ్లగుణం పోగొట్టడానికి, సోడా యాష్ (సోడియం కార్బనేట్) దాదాపు 2 కిలోలు కావాలి, వంట సోడా అయితే 3 కిలోలకు పైనే. అంటే స్పిల్ కిట్టులో ఐదు కిలోల సోడా యాష్ ఉంటే అది రెండున్నర లీటర్ల ఒలుకుకు. పక్కనే ఉన్న కార్బాయ్ యాభై లీటర్లది.

ఇంకోటి, లీటరు యాసిడ్ విరిస్తే కార్బన్ డయాక్సైడ్ 440 లీటర్లకు పైగా వస్తుంది. గుంటలోనో మూసిన గదిలోనో కూర్చుని ఈ పని చేయకూడదు.

#17 మూడోషిఫ్టు

ఈ లెక్క చాలామంది వేయరు. చిన్న ఒలుకుకు పద్ధతి: ముందు అంచు చుట్టూ పొడి ఇసుక గట్టు, తర్వాత బయటి నుంచి లోపలికి సోడా యాష్ కొద్దికొద్దిగా. నురుగు ఆగాకే ఇంకొంచెం. చివర పీహెచ్ పేపర్. మధ్యలో కుమ్మరిస్తే చిందుతుంది. రంపపు పొట్టు, పాత గుడ్డలు వద్దు. గాఢ యాసిడ్‌కు అవి మాడి పొగ వస్తుంది. నైట్రిక్‌ లాంటి ఆక్సిడైజర్‌కైతే ఏకంగా అంటుకుంటాయి.

పెద్ద ఒలుకు వాళ్ల పని కాదు. గట్టు వేయగలిగితే వేయి, డ్రెయిన్ మూత పెట్టు, బయటికి రా, కేక వెయ్యి. ఇది చెప్పడమే కష్టం. మంచి పనిమంతుడు ఆగడు, తుడిచేద్దామనే చూస్తాడు.

#18 చెక్కపెట్టె

టోలుయిన్ మిగిలిపోయింది. 4 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి అంటుకోగలదు, గాలి కంటే మూడు రెట్లు బరువు, నేల వెంట పాకుతుంది. డ్రమ్ములోంచి క్యానులోకి తీసేటప్పుడు: డ్రమ్ముకు ఎర్తింగ్, డ్రమ్ముకూ క్యానుకూ మధ్య తీగ. క్లిప్పు పళ్లు రంగు మీద కాకుండా ఇనుము మీద కొరకాలి. రంగు గీకి మెరుపు కనబడ్డాకే పెట్టించండి. మూత తీసే ముందే క్లిప్పు పెట్టాలి, మూత వేశాకే తీయాలి. గొట్టం క్యాను అడుగు దాకా దించాలి, పైనుంచి చిందేలా పోయొద్దు. ప్లాస్టిక్ క్యాను వద్దేవద్దు. దానికి తీగ కట్టినా ఛార్జి కదలదు.

ఖాళీ డ్రమ్మంటే ఎవరికీ భయం ఉండదు. 200 లీటర్ల డ్రమ్ములో గాలిని మండే స్థాయికి తేవడానికి 10 మిల్లీలీటర్ల టోలుయిన్ చాలు, అంటే రెండు టీస్పూన్లు. అడుగున అంతకంటే ఎక్కువే మిగులుతుంది. దాన్ని కోయడం, వెల్డింగ్ పెట్టడం, చెత్తడబ్బాగా ఇవ్వడం ఏదీ వద్దు.

#19 గాలిబుడగ

అందరూ అన్నీ చెప్పారు, మనిషిని చంపేది మొదటి పోస్టులోని ఆఖరి వాక్యం. "మనిషి దిగి కడగాలి." ఒకరోజు శిక్షణలో దాన్ని ఇరికించకండి. అది వేరే రోజు, వేరే పర్మిట్టు, వేరే మనుషులు.

ఎఫ్లుయెంట్ పిట్టులో బురద ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కదపనంతసేపు మీటరు ప్రశాంతంగానే చూపిస్తుంది, బురదలో కాలు పెట్టగానే బుడగలు లేస్తాయి. కుళ్లిన గుడ్డు వాసనే హెచ్చరిక అనుకోవద్దు. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దగ్గర ముక్కు మొద్దుబారుతుంది. "వాసన పోయింది, గ్యాసు పోయింది" అనుకునే క్షణమే అన్నిటికంటే చెడ్డది.

పరీక్ష వరుస: ముందు ఆక్సిజన్, తర్వాత మండే గ్యాసు, తర్వాత విషవాయువు. ఈ వరుసకు కారణం ఉంది. మండే గ్యాసు పట్టే మామూలు సెన్సర్‌కు సరిపడా ఆక్సిజన్ లేకపోతే అది తక్కువ చూపిస్తుంది. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, మండే గ్యాసు కనీస మంట స్థాయిలో 10 శాతం దాటినా దిగకూడదు. పైన, మధ్యన, అడుగున విడివిడిగా గొట్టం దించి చూడాలి. గొట్టం పొడవును బట్టి గాలి మీటరు దాకా రావడానికి సమయం పడుతుంది. గొట్టం దించిన వెంటనే అంకె చదివేవాళ్లు పైగాలినే చదువుతున్నారు. మనిషి లోపల ఉన్నంతసేపు మీటరు అతని ఛాతీ మీదే ఉండాలి.

పైన నిలబడేవాడికి నేర్పాల్సింది ఒక్కటే: దిగకు. లోపలివాడు పడిపోయినా దిగకు. 1986లో కార్మికుల భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ ప్రకటించిన లెక్కలో ఇలాంటి చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లే. మాటతో ఇది ఎక్కదు. ట్రైపాడ్, విన్చి, హార్నెస్ పెట్టి, 70 కిలోల ఇసుక బస్తాల బొమ్మను పైకి లాగించండి. పైనుంచే లాగొచ్చని చేతికి తెలిసినవాడే దిగకుండా ఆగుతాడు.

#20 ఎర్రబకెట్టు

కార్ట్రిడ్జి మాస్కు పెట్టుకుని దిగితే?

#21 గాలిబుడగ

అది గాలిని వడకడుతుంది, ఆక్సిజన్ పుట్టించదు. పిట్టుకు పనికిరాదు. అక్కడ కావాల్సింది బయటి నుంచి గాలి సరఫరా ఉండేది.

మామూలు పనికి వాడేటప్పుడు కూడా కార్ట్రిడ్జిని రంగుతో నేర్పకండి. సేంద్రియ ఆవిరికి అమెరికన్ పద్ధతిలో నలుపు, యూరోపియన్ పద్ధతిలో గోధుమ రంగు. పసుపుకు అమెరికన్ పద్ధతిలో ఒక అర్థం, యూరోపియన్ పద్ధతిలో ఇంకోటి. రెండు చోట్ల నుంచి సరుకు కొంటే రంగు నమ్ముకున్నవాడు తప్పుది పెట్టుకుంటాడు. మీద రాసిన అక్షరాలు చూపించాలి. చదవలేనివాళ్లకు పనికి తగ్గ కార్ట్రిడ్జి సూపర్‌వైజరే చేతికివ్వాలి. గడ్డం పెరిగితే అంచు అతకదు. ప్రతిసారీ అరచేతులతో కార్ట్రిడ్జిలు మూసి గాలి పీల్చి, మాస్కు మొహానికి లోపలికి అంటుకుంటుందో లేదో చూడాలి.

#22 పసుపుగీత

అందరూ చెప్పినవి కలిపి ఇలా వేశాను, తప్పులుంటే చెప్పండి.

ఉదయం మూడు గుంపులు, మూడు చోట్లు, ఒక్కో చోట 45 నిమిషాలు. మొదటిది టోలుయిన్ స్టోరు: లేబుళ్లు, ఎర్తింగ్ క్లిప్పు, అక్కడే త్రాసు మీద అసిటోన్ గ్లౌజు. రెండోది నీళ్ల లైను ఫ్లాంజి, షేవింగ్ నురుగు. మూడోది గంతలతో ఐ వాష్. మధ్యాహ్నం డైల్యూషన్ వాళ్లకు బీకరు ప్రదర్శన, స్టోరు వాళ్లకు స్పిల్ డ్రిల్లు (యాసిడ్ బదులు రంగునీళ్లు). ట్యాంకర్ వచ్చే రోజు పేర్లు పైకి చదివించడం విడిగా. పిట్టు పని వేరే రోజు, అప్పటిదాకా పిట్టుకు తాళం.

#23 తెల్లకోటు

అసిటోన్ గ్లౌజును టోలుయిన్ స్టోరు నుంచి బయటికి తీయండి. త్రాసు కరెంటుది, అక్కడ పెట్టకూడదు. గ్లౌజుది ఫ్లాంజి దగ్గర పెట్టుకోండి.

#24 లెక్కలపుస్తకం

ఒకసారి చేయించి వదిలేయకండి. 30 రోజులకు, చెప్పకుండా, ఇద్దరు ముగ్గుర్ని పిలిచి అదే మెట్టు చేయమనండి. అందరూ ఒకే మెట్టు మరచిపోతే తప్పు వాళ్లది కాదు, ఆ పేజీది. రాత్రి షిఫ్టు వాళ్లను రాత్రే చూడండి. ఐ వాష్ దగ్గర దీపం వెలుగుతోందో లేదో తెలిసేది అప్పుడే.

#25 పసుపుగీత

మార్చాను. స్పిల్ కిట్టు తెరిచి చూస్తే సోడా యాష్ 10 కిలోలుంది, అంటే 5 లీటర్లకే. పక్కన 50 లీటర్ల కార్బాయ్‌లు ఆరు. ఇంకో 10 కిలోలు తెప్పిస్తే 10 లీటర్లవుతుంది. అప్పుడు కిట్టు మూత మీద "10 లీటర్ల దాకానే" అని పెద్దగా రాయిస్తాను.

#26 మూడోషిఫ్టు

నలుగురు చదవలేరన్నారు కదా. బకెట్టు బొమ్మ ఒకటి వేయించి, అంతకు మించితే తలుపు వైపు పరిగెత్తే మనిషి బొమ్మ వేయించండి. అది మూత మీద ఒకటి, కార్బాయ్‌ల వెనక గోడ మీద ఒకటి. కిట్టు తెరవకముందే కనబడాలి.